లోపలెవరుగారు

ఆయనకు ఒకే ఒక్క జబ్బు. ఏది మూయబోయినా ముందు "లోపలెవరైనా ఉన్నారా?" అని అడగాలి. గది తలుపైనా అంతే, బీరువా అయినా అంతే. ఫ్రిజ్ మూసేముందు టమాటాలను అడిగేవాడు. గొడుగు ముడిచేముందు గొడుగును అడిగేవాడు. ఒకసారి బస్సులో ఆవలించి, నోరు మూసేముందు కూడా అడగబోయాడని ఆఫీసులో ఓ పుకారుంది. అది మాత్రం అబద్ధమని వాళ్లావిడ ఒట్టేసి చెబుతుంది.

ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా "సర్", చాటుగా "లోపలెవరుగారు".

ఈ లోపలెవరుగారు మేనేజరుకు స్వయానా అక్క మొగుడు. అందరికీ బావలు ఇంటిదగ్గర మాత్రమే ఉంటారు. మేనేజరుకు ఆ అదృష్టం లేదు, బావ ఆయన కిందే పనిచేసేవాడు. అధికారం చూపిద్దామంటే బావాయె. పోనీ వేళాకోళం చేద్దామంటే, డ్రైవర్లు రాయడంలో ఆ కంపెనీలో ఆయన్ని మించినవాడు లేడు.

డ్రైవర్లంటే బండి తోలేవాళ్లు కారు. ఈ సంగతి మేనేజరు మేనత్తకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "అల్లుడు ఇప్పుడు ఏ బండి తోలుతున్నాడు?" అని కనిపించినప్పుడల్లా అడిగేది. కంప్యూటరుకూ, దానికి తగిలించిన పరికరానికీ మధ్య మాట కుదిర్చే ప్రోగ్రాం అది. వీళ్ల కంపెనీ ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే యంత్రాలు చేస్తుంది. రోగి గుండె కొట్టుకోవడాన్ని తెరమీద గీతగా చూపించే యంత్రం. అందులో ఆ కొలతలు పట్టే, ఊడదీసి పెట్టగల ఒక కార్డు, ఆ కార్డుకు సొంత మెమరీ. తెర నడిపే ప్రోగ్రాం ఆ మెమరీని నేరుగా చూసేలా దారి వేసిపెట్టడం డ్రైవరు పని. దాన్నే మ్యాపింగ్ అంటారు.

"దారి వెయ్యడం ఏ వెధవైనా వేస్తాడు బావమరిదీ," అనేవాడు ఆయన. "తియ్యడంలో ఉంది కిటుకంతా. నర్సు కార్డు ఊడబెరికింది అనుకో. దారి తీసెయ్యాలి కదా? తీసేవేళకి ఇంకా ఎవడో దాని మీద నడుస్తున్నాడనుకో, వాడితోపాటు మొత్తం యంత్రమే కూలబడుతుంది. అందుకని ముందు అడగాలి."

"యంత్రాన్ని అడగండి బావా, ఎవరు కాదన్నారు? లిఫ్టునెందుకు అడుగుతారు?"

"లిఫ్టులో మాత్రం మనుషులుండరా?"

అదీ నిజమే. కానీ ఆయన అడిగింది లిఫ్టులోనే నిలబడి. పక్కన పెద్ద ఆసుపత్రి నుంచి యంత్రాలు చూడ్డానికొచ్చిన డాక్టరుగారు ఉన్నారు. "లోపలెవరైనా ఉన్నారా?" అనగానే ఆయన హడలిపోయి, "నేనున్నానండీ!" అని చెయ్యెత్తారు.

ఇవన్నీ ఒక ఎత్తు, మీటింగులు ఒక ఎత్తు. మేనేజరు ఆదరాబాదరా మనిషి. మాటలన్నీ గాలివానలా కురిపించేసి, "సరే, ఇక ముగిద్దాం," అని కుర్చీ వెనక్కి జరిపేవాడు. సరిగ్గా అప్పుడు బల్ల మధ్యలోంచి లేచేది ఆ గొంతు.

"లోపలెవరైనా ఉన్నారా?"

"లేరు సర్, అందరం బయటే ఉన్నాం," అనేవాడొకడు. అందరూ ఘొల్లుమనేవారు. ఆయన నవ్వులకు చలించేవాడు కాదు. కళ్లజోడు తీసేవాడు, తుడిచేవాడు, వెలుతురుకి ఎత్తి చూసేవాడు, మళ్లీ తుడిచేవాడు. ఈలోగా ఎవరో ఒకరికి ఏదో ఒకటి గుర్తొచ్చేది, మీటింగు ఇంకాస్త సాగేది. మేనేజరు పళ్లు నూరుకునేవాడు.

పళ్లంటే గుర్తొచ్చింది. ఆ ఏడు కొత్త యంత్రాన్ని ఆసుపత్రులకు పంపించే నిర్ణయం తీసుకోవాల్సిన రోజునే లోపలెవరుగారు జ్ఞానదంతం పీకించుకున్నాడు. సెలవు పెట్టమని మేనేజరు బతిమాలాడు, పెట్టలేదు. బుగ్గ గుమ్మడికాయలా వాచి, నోటినిండా దూది కుక్కుకుని, తలకు కట్టుకట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

మేనేజరుకు లోలోపల పండగే. దేవుడు కూడా ఒక్కోసారి పంటి రూపంలో కనికరిస్తాడు.

మీటింగు చకచకా సాగింది. తెర బాగుంది, కార్డు బాగుంది, కార్డు ఊడబెరికినా యంత్రం చెక్కుచెదరడం లేదు. "అయితే రేపే పంపించేద్దాం. ముగిద్దామా?" అని మేనేజరు కుర్చీ జరిపాడు.

"ఓవవెవవైవా ఉవ్వావా?"

గది గదంతా పడీపడీ నవ్వింది. "సర్, ఈ ఒక్కరోజుకీ ప్రశాంతంగా మూసుకోనివ్వండి," అన్నారెవరో. లోపలెవరుగారు కళ్లజోడు తియ్యబోయాడు, కట్టులో ఇరుక్కుంది. పెనుగులాడాడు. ఎవరూ ఆగలేదు, ఒక్కొక్కరే లేస్తున్నారు. అప్పుడాయన వాచిన ముఖంతోనే మేనేజరు వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ప్రాధేయపడటం ఉంది. తర్వాత చూపు తిప్పి బల్ల చివరికి చూశాడు.

మేనేజరూ అటే చూశాడు.

బల్ల చివర యంత్రాలను పరీక్షించే ఇంజనీరమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకు నత్తి. మాట గొంతుదాకా వచ్చి, అక్కడ కాసేపు కూర్చుని, అప్పుడు బయటికొచ్చేది. ఇప్పుడామె పెదవులు ఏదో అక్షరం దగ్గర ఆగిపోయి ఉన్నాయి. ఎంతసేపటినుంచి ఆగి ఉన్నాయో!

"కూర్చోండి," అన్నాడు మేనేజరు లేచినవాళ్లతో. "చెప్పండమ్మా."

ఆమె చెప్పింది. నెమ్మదిగా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "తె... తెర ప్రోగ్రాం దారి మీదికి వచ్చినప్పుడు ఒకరున్నారని మనం లెక్కపెడుతున్నాం. కానీ అది రిపోర్టు ప్రింటు చెయ్యడానికి ఒక పి... పిల్ల ప్రోగ్రాంని పుట్టిస్తుంది. ఆ పిల్లకి కూడా అదే దారి వస్తుంది. దాన్ని మనం లె... లెక్కపెట్టడం లేదు. తల్లి వెళ్లిపోగానే ఎవరూ లేరనుకుని దారి తీసేస్తున్నాం. పిల్ల ఇంకా చూస్తూనే ఉంటుంది. నిన్న ప్రింటు అవుతుండగా కార్డు తీశాను. తె... తెర నల్లబడిపోయింది."

ఏ మంచం పక్కనో ఆ తెర నల్లబడటం అందరి కళ్లకూ కట్టింది. పైగా ఆ లెక్క రాసింది మరెవరో కాదు, లోపలెవరుగారే! గడప దాటి వచ్చినవాళ్లనందరినీ లెక్కపెట్టాడు గానీ, లోపలే పుట్టినవాళ్లను మరిచిపోయాడు.

ఆయన ముఖం చిన్నబోతుందేమోనని మేనేజరు చూశాడు. ఆయన రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు. నవ్వబోయి, కుట్లు నొప్పెట్టి "అబ్బా" అన్నాడు, మళ్లీ కొట్టాడు. యంత్రాలు మర్నాడు ఆసుపత్రులకు వెళ్లలేదు. పుట్టిన ప్రతి పిల్లనూ లెక్కలో చేర్చి, ఆ అమ్మాయి చేత కార్డు మళ్లీ మళ్లీ ఊడబెరికించాకే వెళ్లాయి.

ఆ మీటింగు రోజు సాయంత్రం మేనేజరు అక్కయ్య ఇంటికి వెళ్లాడు. బావ నొప్పిమాత్రల మత్తులో నిద్రపోతున్నాడు. అక్కయ్య వంటింట్లో ఆయన కోసం అరటిపండు మెదుపుతోంది.

"అక్కయ్యా, బావకి ఈ అడగడం ఎప్పటినుంచే?"

"యంత్రాల దగ్గరైతే మొదటినుంచీ ఉన్నదేరా. ఇంట్లో మొదలైంది ఆ ఇంజనీరమ్మాయి మీ ఆఫీసులో చేరాకే." అక్కయ్య చెంచా పక్కన పెట్టింది. "ఒకరోజు అన్నం సయించక కూర్చున్నారు. 'మీ తమ్ముడు మంచివాడేగానీ, ఆ పిల్ల నోరు తెరిచేలోపు మీటింగు మూసేస్తున్నాడే' అన్నారు. 'వాడితో చెప్పచ్చుగా' అన్నాను. 'చెప్తే రేపట్నుంచి అందరూ జాలిగా ఆ పిల్ల నోటివంకే చూస్తూ కూర్చుంటారు. ఇక ఏం మాట్లాడుతుంది?' అన్నారు."

"అందుకని?"

"అందుకని నన్ను చూసి నవ్వుకోనీలే అన్నారు. ఒక్క మీటింగులోనే అడిగితే ఎవరైనా పసిగడతారని ఫ్రిజ్జులూ బీరువాలూ మొదలెట్టారు. ఇప్పుడు మానమన్నా మానలేరు. మొన్న సూట్‌కేసుని అడిగారు. అడిగితే అడిగారు, జవాబు కోసం ఆగారురా! అదీ నా బాధ."

మేనేజరు ఈ మాట ఎవరితోనూ అనలేదు, బావతో కూడా. తర్వాతి మీటింగులో మాత్రం చెప్పాల్సింది చెప్పేశాక కుర్చీ జరపలేదు. మంచినీళ్ల గ్లాసు అందుకుని, వేడి పాలు తాగేవాడిలా తాపీగా, గుక్క గుక్కకీ ఆగుతూ తాగాడు. మూడో గుక్క దగ్గర బల్ల చివరినుంచి ఇంజనీరమ్మాయి మొదలుపెట్టింది. మొదలుపెట్టాక చాలాసేపు ఆపలేదు. ఇద్దరితో వాదించింది, ఒకరిని కోప్పడింది, ఎవరో మధ్యలో నోరు విప్పితే "ఆ... ఆగండి, నాది అవ్వలేదు," అంది.

మేనేజరు బావ వంక చూశాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, సన్నగా గురకపెడుతూ హాయిగా నిద్రపోతున్నాడు.

ఎవరూ లేపలేదు.