న్యాల్‌కల్ ఆటోలో నర్సింలు అడిగిన ప్రశ్న

ఇరవై ఆరేళ్లు బడిలో సైన్సు పాఠాలు చెప్పి, ఈ ఏడాదే మానేశాను. అప్పటినుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ఇప్పుడేం చేస్తారు?" అని అడగడమే. విని విని ప్రాణం విసిగింది. ఒక్కరోజైనా ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి రావాలని, చేలు చూసే నెపంతో జహీరాబాద్ బయల్దేరాను. మనుషుల పొడ గిట్టక చేసిన ప్రయాణం ఇది, ముందే చెప్పేస్తున్నాను.

పొద్దున ఆరున్నరకు లింగంపల్లిలో బస్సెక్కితే తొమ్మిది దాటాక జహీరాబాద్‌లో దిగాను. బస్టాండు ఎదురుగా ఒకామె జొన్నరొట్టెలు కాలుస్తోంది. రెండు రొట్టెలు, పుంటికూర పప్పు, ఎర్రకారం కలిపి యాభై రూపాయలు. "గంతేనా? ఇంకోటి తిను బిడ్డా" అని ఆమె అంటే తల అడ్డంగా ఊపి లేచాను. మాట కలిపితే ఇక వదలరని నా భయం. అక్కడినుంచి న్యాల్‌కల్‌కు షేర్ ఆటో నలభై రూపాయలు. నిండితే గానీ కదలదు, నాకు ముప్పావుగంట పట్టింది.

నా పక్కన యాభై ఏళ్ల మనిషి, ఒళ్లో ఇస్తరాకుల కట్ట, బెల్లం మూట పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నాడు. కట్ట నా మోకాలికి గుచ్చుకుంటోంది. "కాస్త అటు జరపండి" అని కసిరాను. "మాఫ్ చెయ్యక్కా, ఎల్లుండి నా తమ్ముని దినాలు" అన్నాడు. నాలుక కరుచుకున్నాను. పేరు నర్సింలు అట. ఆ తర్వాత నేను అడగకుండానే చెప్పుకుపోయాడు.

"జొన్నల పాతర్ల దిగిండక్కా, మళ్ల ఎక్కలే."

పాతరంటే పెరట్లో మనిషిన్నర లోతున తవ్విన గొయ్యి. జొన్నలు పోసి, పైన బండ పెట్టి, సందుల్లేకుండా మట్టితో మెత్తుతారు. నెలల తరబడి పురుగు పట్టదు. ఇప్పుడు ఏ కొద్ది ఇళ్లలోనో మిగిలాయి.

"బండ తీసినంక కందిల్, గదే లాంతరు, దింపి సూడాలె. మా నాయిన గట్లనే జేస్తుండె. కందిల్ ఆరితె దిగొద్దు, వెలిగితె దిగాలె. మేం గూడ సూసినమక్కా. కందిల్ల పోస్తందుకు గాసునూనె ఇప్పుడు యాడ దొర్కుతది? నా సెల్లుకు తాడు గట్టి, లైటేసి నేనే దింపిన. కందిల్ కంటె మంచిగ వెలిగింది. అడుగు దాంక కనవడ్డది. నేనే దిగుమన్న. దిగినోడు దిగినట్టే కూలవడ్డడు. తాడు ఉచ్చేసి పైకి గుంజి, మళ్ల బండ మూసినం. లైటు ఆరలే గదా, మరి ఎట్ల సచ్చిండు?"

"ఊళ్లో ఏమంటున్నారు?"

"పాతర్ల ఏదో దయ్యమున్నదంటున్నరు. రేపు కొబ్బరికాయ కొట్టి మా బామ్మర్ది దిగుతడు. దినాలకు రొట్టెలు జెయ్యాలె, జొన్నలన్ని అండ్లనే ఉన్నయి. మళ్ల లైటు దింపి సూసినంకనే దిగుతడులే."

గ్లాసు బోర్లిస్తే కొవ్వొత్తి ఆరిపోవడం ఏటేటా పిల్లలకు చూపించినదాన్ని. నిజం చెబితే, తమ్ముణ్ణి చంపింది తన చేతులేనని ఈయనకు తెలుస్తుంది. చెప్పకపోతే రేపు బామ్మర్ది దిగుతాడు. భగవంతుడా, ఈ ఆటోయే ఎక్కాలా నేను!

"అన్నా, కందిల్‌కూ మనలాగే గాలి కావాలి. మూసిన పాతరలో జొన్నలే ఆ మంచిగాలిని తినేస్తాయి. అందుకే కందిల్ ఆరుతుంది. సెల్లుకు గాలి అక్కర్లేదు, ఎక్కడైనా వెలుగుతుంది."

జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు, ఆర్పాడు.

"కందిల్ దింపుంటె ఆరుతుండెనా?"

"ఆరేది."

"నా తమ్ముడు దిగకపోతుండె."

అదే ఫోనుతో ఇంటికి చేశాడు. "రేపు పాతర ముట్టొద్దు. ఎవ్వరు దిగొద్దు. జొన్నలు కొనుక్కొస్త." అవతల ఎందుకని అడిగినట్టున్నారు. "ఇంటికొచ్చి చెప్త" అని పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "మరదలు అడుగుతదక్కా. ఏమని చెప్పాలె?" అన్నాడు. న్యాల్‌కల్‌కు ముందే తన ఊరి మలుపులో ఆటో ఆపించుకుని, కట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను న్యాల్‌కల్‌లో దిగి ఏమీ చూడలేదు. మరో ఆటో పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

తమ్ముడు పోయినప్పటినుంచి "ఎట్ల సచ్చిండు" అని ఆయన ఎంతమందిని అడిగి ఉంటాడో! దారిన పోయేవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడితే మనసు తేలికవుతుందంటారు. నాకేం కాలేదు. నా జవాబుతో ఒక మనిషి బతికి ఉండొచ్చు. అదే జవాబుతో ఇంకో మనిషికి చచ్చేదాకా మోసే బరువు నెత్తికెత్తి, నలభై రూపాయలిచ్చి దిగిపోయాను. బాధగానే ఉంది. మళ్లీ అడిగినా అదే చెబుతాను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఏ ఊళ్లోనైనా పాతర తెరిచి ఉంటే దూరంగానే నిలబడండి, ఎవరినీ దిగనివ్వకండి. లోపల లైటు వెలుగుతోంది, భయం లేదని ఎవరైనా అంటే, ఏ లైటు దింపారో అడగండి.