మూడో పిలుపు

కోర్టు నడిచిన పాత కచేరిని కూల్చేస్తున్నారు. నిన్న ఆటోలో ఆ పక్కగా వెళ్తుంటే తడిసిన పాత సున్నం వాసన ముక్కుకు తగిలింది. బండి ఆపాను. కూలీలు గడప రాయిని గడ్డపారలతో పెకిలిస్తున్నారు. నడుమ పళ్లెంలా అరిగిపోయిన ఆ రాయిని చూడగానే మల్లయ్య కాక గొంతు వినబడింది.

కాక ఆ కోర్టులో చప్రాసి. తలుపు దగ్గర నిలబడి, కేసులకు వచ్చినవాళ్ల పేర్లు మూడుసార్లు పిలవడం ఆయన పని. మూడో పిలుపుకూ పలక్కపోతే కేసు కొట్టేస్తారు. నేనేమో ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, పెళ్లయ్యాక కోర్టుకు ఎదురుగా చాయ్ బండి పెట్టుకున్నవాణ్ణి. చాయ్ కంటే నా వెక్కిరింతలకే గిరాకీ ఎక్కువ. కాక పిలిచే తీరును అచ్చం దించితే వకీళ్లు సైతం కప్పు కింద పెట్టి నవ్వేవారు.

ఆ కట్టడం మాటెత్తితే చాలు, కాక మొదలుపెట్టేవాడు. నిజాం కాలంలో అది తహసీలు కచేరి అట. తలుపు మీది ఉర్దూ అక్షరాలపై ఎన్నిసార్లు సున్నం వేసినా, వానలు పడగానే మళ్లీ తేలేవి.

"గీ గడప గింత ఎట్ల అరిగిందో ఎరుకేనారా? ఉరికచ్చినోళ్ల కాళ్లు."

"ఉరికి పోయినోళ్లయి గావా కాకా?" అంటే, కొట్టడానికి చెయ్యెత్తి నవ్వేవాడు.

రెండో పిలుపు తర్వాత ఆయన మెట్లు దిగి, రోడ్డు దాకా నడిచి, బస్సు దిగేవాళ్లను చూసి, అప్పుడే మూడోది పిలిచేవాడు. లోపల ఎవరు విసుక్కున్నా వినేవాడు కాదు. నేను దాన్ని ముసలి నడక అనుకున్నాను. దాన్నీ దించి నలుగురిని నవ్వించాను.

ఒక రోజు కాకకు గొంతు పూర్తిగా పోయింది. "నా గొంతు నీ దగ్గరున్నది గద రాజిగా, గీ ఒక్కపూట నువ్వు పిలువు. నిమ్మలంగ పిలువాలె" అని గుసగుసగా అన్నాడు. నేను మెట్లెక్కి, కొడిమ్యాల నుంచి రావాల్సిన లచ్చవ్వ పేరును మూడుసార్లూ ఒక్క ఊపిరిలో, పాటలా పాడి పడేశాను. చాయ్ బండి దగ్గర విరగబడి నవ్వారు. కాక చేతులు ఊపుతూ ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు.

ఆ నవ్వు ఆగకముందే లచ్చవ్వ చెప్పులు చేతపట్టుకుని ఉరికొచ్చింది. దుబాయి వెళ్లిన భర్త ఉత్తరాలు మానేశాడు. ఆమె సాగు చేసుకునే ఎకరాన్ని మరుదులు లాక్కుంటే కేసు వేసింది.

"అన్నా, బస్సు ఇప్పుడే దిగిన. నా పేరు పిలిచిండ్రా?"

అప్పటికే లోపల కేసు కొట్టేశారు. కాక ఆమెను వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. దరఖాస్తు పెడితే మళ్లీ తెరవొచ్చని వకీలు చెప్పాడు. "ఇంకెన్నిమాట్లు ఉరుకుదునే కాకా" అని ఆమె వెళ్లిపోయింది. ఆ నెలలోనే కూలికి అంత దూరం భీవండి మరమగ్గాలకు పోయిందని విన్నాం.

కాక నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. నాలుగు రోజులకు గొంతు తిరిగొచ్చాక, "రెండో పిలుపుకు, మూడో పిలుపుకు నడుమ ఒక మనిషి ఉరికచ్చేంత జాగ ఉండాలెరా. నేను నడిచింది గందుకే" అన్నాడు. ఊరందరినీ నవ్వించిన నోటికి "తప్పయింది" అన్న ఒక్క మాట రాలేదు. రేపు అందాం, రేపు అందాం అనుకుంటుండగానే ఆయన రిటైరయ్యాడు, కొన్నాళ్లకు పోయాడు కూడా.

ఇప్పుడు కోరుట్లకు ఆటో నడుపుతున్నాను. నిండినా వెంటనే తీయను. "కోరుట్ల" అని రెండుసార్లు అరిచి, దిగి రోడ్డు మలుపు దాకా నడుస్తాను.

"నిండింది గదనే, ఇంకెవలు రావాలె? మా ఒళ్లె కూసుంటరా?" అని వెనక నుంచి విసుక్కుంటారు.

మామూలుగా ఎవరేమన్నా ఊరుకునే నోరు కాదు నాది. అక్కడ మాత్రం ఊరుకుంటాను. కొడిమ్యాల బస్సు ఆగి, ఆఖరి మనిషి దిగేదాకా చూసి, అప్పుడు మూడోసారి పిలుస్తాను.