గ్లాసు అడుగున మిగిలిన నీళ్లు

మా కోనసీమలో నీళ్లు లేక చచ్చిన మొక్కను నేను పెద్దగా చూడలేదు. నీళ్లెక్కువై చచ్చినవి చాలా చూశాను. చెబితే ఎవరూ ఒప్పుకోరు. మూడో తరగతిలో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకున్నవాడి మాట ఎవరికి కావాలి?

ఎనభైల మొదట్లో నా భార్యకు పక్షవాతం వచ్చి మంచాన పడింది. ఊటీలో నర్సుగా ఉన్న వాళ్లక్కగారు చూడటానికొస్తూ, చేతిరుమాల్లో ఒక కొమ్మ చుట్టి తెచ్చారు. బొద్దుగా వడ్లగింజల్లాంటి ఆకులు, జడ అల్లినట్టు కిందికి వేలాడతాయి. పేరు ఆవిడకీ తెలియదు. మేం జడమొక్క అన్నాం.

"పదిరోజులకోసారి తడిపితే చాలు మరిదిగారూ. నీళ్లు ఆకులోనే దాచుకుంటుంది" అన్నారు.

రేకుడబ్బాలో ఇసక పోసి నాటి, మంచం మీంచి కిటికీలో కనబడేటట్టు అరుగు వాసానికి కట్టాను. ఆమె రోజూ కొత్త ఆకులు లెక్కపెట్టేది. "ఇవాళ రెండొచ్చేయండి" అనేది, నాలుక తిరక్కపోయినా. ఆమె చేయగలిగిన పని అదొక్కటే.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సంఘంవాళ్లు ఆమె కోసం ప్రార్థన చేయడానికి వచ్చేవారు. మంచినీళ్లివ్వాలి కదా. సగం తాగుతారు. మిగిలినవి ఊరికే పారబోయడం మావాళ్లకు తప్పు, ఏదో ఒక మొక్క మొదట్లో పోస్తారు. చేతికందేటట్టు ఉన్నది అదే. ఎనిమిదిమంది, ఎనిమిది గ్లాసులు. నెల తిరక్కుండా మొదలు కుళ్లింది. ఆకులు పాలిపోయి రాలాయి. ఆమె లెక్కపెట్టడం మానేసింది.

బతికున్న చివళ్లు తుంచి, రెండు రోజులు ఆరబెట్టి, పొడి ఇసకలో గుచ్చాను. ఈసారి ఎవరికీ అందకుండా పైకి కట్టాను. కిటికీలోంచి కనబడలేదు. ఆమె గోడవైపు చూస్తూ పడుకుంది. మర్నాడే దించాను.

ఇక ప్రతి ఆదివారం పీట వేసుకుని మొక్క కింద కాపలా.

"గ్లాసు ఇలా ఇచ్చెయ్యండి" అనేవాణ్ణి.

"పాపం, దాహంగా ఉన్నట్టుందండీ మొక్క" అన్నారొకసారి సంఘపెద్దగారు.

"దానికి దాహం లేదండీ. మీకుంటే పూర్తిగా తాగండి."

"ఇంటి ముందు కాలవ పెట్టుకుని నీళ్లకి పిసినారితనమేటండీ?"

అందరూ నవ్వారు. ప్రార్థన కోసం వచ్చినవాళ్లతో పోట్లాడేవాడినని పేరొచ్చింది. రానీ అనుకున్నాను. వంట, ఉతుకుడు, ఆమెను పక్కకి తిప్పడం, వీటి మధ్య మర్యాదకు ఓపిక ఎక్కడిది?

చివళ్లు వేళ్లు పట్టాయి. ఒక ఉదయం ఆమె, "ఒకటొచ్చిందండి" అంది. నీళ్లు పట్టిస్తే రెండు గుక్కలు తాగి, కళ్లతో కిటికీ చూపించింది.

"మిగిలినవి దానికి పొయ్యండి."

ఊరందరినీ కసిరినవాణ్ణి. "ఆయ్, అలాగే" అని బయటికి వెళ్లి, ఆమెకు కనబడకుండా ఆ నీళ్లు నేనే తాగేశాను.

"పోసేరా?"

"పోసేను."

ఆమె ఉన్నన్నాళ్లూ రోజూ అదే అడిగింది. దేనికైనా విసుక్కునే నేను, ఆ అబద్ధం మాత్రం ఒక్కరోజూ విసుక్కోకుండా చెప్పాను.