చవక నెట్‌వర్క్‌లో చిక్కిన కాయిన్లు

ప్రొద్దుటూరులో మా పక్క కొట్టు నరసింహులు మామది. నగలు చేస్తాడు. కొట్టు ఊడ్చిన దుమ్మును కూడా పారేయడు, అందులో బంగారు రజను ఉంటుందని మూటగట్టి దాస్తాడు.

ఈ రోజు క్రిప్టో ధర పడిపోతుంటే, ఫోన్లో ఉన్న కాయిన్లు అమ్మేద్దామని ఎక్స్ఛేంజికి పంపబోయాడు. పంపే దారులుగా రెండు నెట్‌వర్కులు కనిపించాయి. ఒకదానికి ఫీజు బాగా ఎక్కువ, రెండోదానికి దాదాపు లేనట్టే.

"మామా, ఆ చవకది రద్దీ పెరిగితే ఆగిపోతాదంట. ఫీజు పోతే పోనీ, మొదటిదాంట్లో పంపు" అన్నాను.

"ఏంటికప్పా ఊరికే పోగొట్టుకునేది? యాడ నుంచి పోయినా అదే కాయిన్ గదా!" అంటూ చవకదే నొక్కేశాడు.

రద్దీకి ఆ నెట్‌వర్క్ కాస్తా ఆగిపోయింది. కాయిన్లు ఫోన్లోనూ లేవు, ఎక్స్ఛేంజికీ చేరలేదు. ధర మాత్రం పడుతూనే ఉంది. కొట్టుకు బంగారం కొనాల్సిన డబ్బంతా అందులోనే ఉంది.

"యాడుండాయప్పా అవి? ఎవుర్ని అడగల్ల?" అన్నాడు.

సాయంత్రం కొట్టు కట్టేముందు మామ ఎప్పటిలాగే దుమ్ము ఊడ్చి మూటగట్టాడు. పక్కన ఫోన్లో ఇంకా 'పెండింగ్' అనే ఉంది.

"ఫీజు మిగిలింది గదా మామా" అనే ధైర్యం మీలో ఎవరికైనా ఉందా?