వియన్నాలో పొద్దుగూకిన వేళ

వియన్నాలో మమ్మల్ని పొద్దున్నే దింపారు. ఇండియా విమానం మళ్లీ రాత్రికి గానీ లేదు. చలికాలం. మా ఆయన, నేను, పదేళ్ల పాప. వీసా ఉంది కాబట్టి బయటికి పోవచ్చన్నారు. "పాత ఊరు బాగుంటాదంట, సూసొద్దాం పద మే" అన్నది మా ఆయనే. నాకు ఒళ్లు మండింది. ఆయన చూపు కోసమే కదా ఇంత దూరం వచ్చాం. అది ఇక రాదని చెప్పించుకుని తిరిగి పోతూ, మళ్లీ ఊరు చూడడం ఒకటా!

మా ఆయన నాకు సొంత మేనమామ, మా అమ్మకు ఆఖరి తమ్ముడు. పులివెందుల దగ్గర తొండూరు వైపు వాళ్లకు చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్నాయి. నేను ప్రొద్దుటూరులో పెరిగాను. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, భూమీ ఇంట్లోనే ఉంటుందని పెద్దలు అనుకున్నారు. నన్నూ అడిగారు. చిన్నప్పుడు చంకనెత్తుకుని తిప్పిన మామను కాదనడానికి ఏముంటుంది? మా తాతకు, అంటే ఆయన నాయనకు, రేచీకటి ఉండేది. పొద్దుగూకితే మంచం దిగేవాడు కాదు. దాన్ని రోగమని ఇంట్లో ఎవరూ అనుకోలేదు. కొందరికి గురక ఉన్నట్టు ఆయనకు రేచీకటి, అంతే.

ముప్పై దాటాక మా ఆయనకూ మొదలైంది. జమ్మలమడుగులో కంటి డాక్టరు చూసి, అద్దాలతో పోయేది కాదన్నాడు. ముందు రాత్రులు పోయాయి. తర్వాత పక్కలు పోయాయి. ఇప్పుడు తలుపు సందులోంచి చూసినంత, ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తుంది. ఐరోపాలోనే ఇంకో దేశంలో ఒక పెద్ద డాక్టరు దీనికి కొత్త వైద్యం చేస్తున్నాడని ఎవరో చెప్పారు. ఆశ ఊరుకోదు కదా, వెళ్లాం.

నాకు ఇంగ్లీషు వచ్చు. అందుకని డాక్టరు మాటలు మా ఆయనకు, మా ఆయన మాటలు డాక్టరుకు నేనే చెప్పాలి. మీ రకం జబ్బుకు మందు లేదు, ఉన్న చూపు కూడా నిలవదు అని ఆయన మెత్తగానే చెప్పాడు. దాన్ని తెలుగులోకి మార్చి నా మొగుడికి చెప్పడానికి నాకు మెత్తటి మాట ఒక్కటీ దొరకలేదు. తర్వాత ఆ డాక్టరు, "పెళ్లికి ముందే మీరు బంధువులా?" అని అడిగాడు. మా ఆయన ముఖం వెలిగింది. "సొంత అక్క కూతురు అని చెప్పు" అన్నాడు. మా వైపు అది గొప్పగా చెప్పుకునే మాట. బయటి సంబంధం చేసుకున్నవాళ్లనే, ఇంట్లో పిల్ల దొరకలేదా అని అడుగుతారు. డాక్టరు రాయడం ఆపి మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. అప్పుడు ఆయన పాప వైపు చూసి, ఈమెకు కూడా పరీక్ష చేద్దామా అన్నాడు.

"దానికేం లేదులే. డేగ కండ్లు దానివి" అంటూ మా ఆయన లేచి నిలబడ్డాడు. అదే డాక్టరుకు చెప్పి, పాప చేయి పట్టుకుని నేనూ లేచాను. కానీ ఆ డాక్టరు చూసిన చూపు నా వెంటే వచ్చింది. విమానంలో పాప నిద్రపోతున్నా దాని కళ్లనే చూస్తూ కూర్చున్నాను.

రైలెక్కి పాత ఊళ్లోకి పోయాం. నడిమధ్యలో ఆకాశాన్ని పొడుచుకుపోయే చర్చి, దాని కప్పు మీద రంగురంగుల పెంకులు. పక్కనే గుర్రబ్బండ్లు, లద్దె వాసన, ఏవో గింజలు కాలుస్తున్న బండి. మా ఆయన గడ్డం పట్టుకుని పైకి తిప్పాను. "ఇంకొంచెం పైకి. ఆఁ, అదీ." కప్పంతా ఒక్కసారిగా ఆయనకు అందదు. పెంకు తర్వాత పెంకు చూసుకుంటూ పోయాడు. "మన గండికోటను మనోళ్లు ఇట్లా ఎందుకు పెట్టుకోల్యా?" అన్నాడు. చలికి కళ్లలో నీళ్లు కారుతుంటే నేను తుడవబోయాను. "ఇడిసిపెట్టు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిసినా ఒకటే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వందల ఏళ్ల కింద పేర్చిన రాళ్లు చెక్కు చెదరలేదు, నా మనిషి కళ్లు నలభై ఏళ్లు నిలవలేదు. ఆ ఊరి అందం చూస్తే కడుపు మండిపోయింది.

పాప మాత్రం పావురాల వెంట పరుగెత్తింది. జనం మధ్యలో దూరింది, గుర్రాలను తప్పించుకుంది, ఎక్కడా తట్టుకోలేదు. దాన్ని చూసి నా మనసు కొంచెం కుదుటపడింది. ఆ డాక్టరుకేం తెలుసు అనుకున్నాను.

ఆ దేశంలో చలికాలం నాలుగింటికే పొద్దుగూకుతుంది. పెద్ద వీధిలో దీపాలు వెలిగాయి. స్టేషనుకు దగ్గరి దారని ఒక పాత సందులోకి తిరిగాం. అక్కడ ఒకటే దీపం, అదీ చివర్లో. మా ఆయన చేయి పట్టుకుని నేను నడుస్తున్నాను. ముందు పోతున్న పాప ఉన్నట్టుండి ఆగింది. ఒక చేత్తో గోడ పట్టుకుంది. కాలు ముందుకు చాపి, బూటు కొసతో నేలను తడిమి, ఆ తర్వాత అడుగు వేసింది. మళ్లీ తడిమింది. అచ్చం వాళ్ల నాయన నడక.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాయన్ను ఎక్కిరిస్తాండావా? సిగ్గు లేదా నీకు?" అని కసిరాను.

"ఎక్కిరించల్యా మా. ఈడ మెట్లుండాయేమోనని సూస్తాండా. నీకు కనపడతాండాయా?"

మెట్లు లేవు. చదునుగా పరిచిన రాళ్లు. నాకు ఒక్కొక్క రాయీ కనిపిస్తోంది.

మా ఆయన పాప గొంతు వినిపించిన వైపుకు తిరిగాడు. "మనింటికాడ గూడా ఇట్లనేనా పాపా?" అని అడిగాడు.

"మనింటికాడ ఏది యాడుందో నాకు తెలుసు గదా నాయనా" అంది.

"ఇట్లా రా, మీయమ్మ చెయ్యి పట్టుకో" అన్నాడు ఆయన. పాప వచ్చి నా రెండో చేయి పట్టుకుంది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. నాకు ఏడవాలనిపించింది, కానీ కళ్లలో నీళ్లు నిండితే ముగ్గురికీ దారి చూసేవాళ్లు ఉండరు. సందు దాటాక స్టేషను మెట్లు వచ్చాయి. నేను "మెట్టు" అనగానే ఇద్దరూ ఒక్కసారే కాలెత్తారు.