మా ఎమ్మెల్యేగారు విన్న సాక్ష్యం

మా ఎమ్మెల్యేగారు పోయారన్న కబురు అజ్మాన్‌లో నేను చేపలు కడుగుతుండగా వచ్చింది. ఇక్కడే ఉండే ఆయన కూతురు ఫోన్ చేసింది. ఊళ్లో, నిద్రలోనే పోయారట. చేతులైనా కడుక్కోకుండా ఏడుస్తుంటే, నేను పనిచేసే ఇంటి మేడమ్ వచ్చి "మీ నాన్నా?" అని అడిగింది. కాదు, పోలీసుల్ని నిలదీసే పెద్దాయన అన్నాను. ఆవిడ కంగారుపడి వంటింటి తలుపు వేసేసింది.

ఆయన రెండుసార్లు మా ఎమ్మెల్యే. మూడోసారి ఓడిపోయాక, పోలీసుల మీద జనం పెట్టే ఫిర్యాదులు విని తేల్చే సంస్థకి ఆయన్ని పెద్దని చేశారు. ఓడిన మనిషికి ఊరడింపుగా ఓ కుర్చీ, ఓ కారు పడేశామనుకున్నారు ఇచ్చినవాళ్లు. ఆయన దాంట్లో కూర్చుని నిజంగానే పనిచేస్తారని ఎవరనుకున్నారు? నేనూ అనుకోలేదు. ఆయన దేవుడేమీ కాదు. ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు మా స్టేషన్‌కి ఏ ఎస్సై రావాలో ఆయన లెటరే చెప్పేది. అన్నిచోట్లా ఉన్నదే, దాచడమెందుకు?

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో మా తమ్ముడు అమ్మకి బీపీ మాత్రలకని బయల్దేరాడు. నేనప్పుడు షార్జాలో ఓ ఇంట్లో పని. వాడు నాతో ఫోన్‌లో మాట్లాడుతూనే నడుస్తున్నాడు. పోలీసులు ఆపేసరికి ఫోన్ కట్ చెయ్యకుండా జేబులో వేసుకున్నాడు. లాఠీ దెబ్బలు, ఎస్సై తిట్లు, వాడు "అక్కా" అని అరవడం, అన్నీ షార్జాలో పొయ్యి దగ్గర నిలబడి విన్నాను. బండి మీంచి పడి కాలు విరిగిందని ఎస్సై రాసిపారేశాడు. మా వాడికి బండే లేదు!

ఆ సంస్థకి ఫిర్యాదు పెట్టాం. విమానాలు లేవు కాబట్టి విచారణకి నన్ను వీడియోలో పిలిపించారు. ఎస్సై తరఫు వకీలు లేచి, "దుబాయ్‌లో కూర్చున్న మనిషి సాక్షి ఎలా అవుతుందండీ?" అన్నాడు.

"ఫోన్‌లో విన్నది వినడం కాదాండీ?" అన్నారు ఎమ్మెల్యేగారు. "నువ్వు చెప్పమ్మా. ముందు కాసిని మంచినీళ్లు తాగు."

ఆయనకో అలవాటుండేది. ఎవరేం చెప్పినా ఆ మాటల్నే తిరిగి చెప్పి, "నేను విన్నది ఇదేనా?" అని అడిగేవారు. ఆ రోజు ఎస్సై తిట్టిన తిట్లు కూడా, ఒక్క మాట మింగకుండా, అంత పెద్దమనిషి అందరి ముందూ పలికారు. ఎస్సై తల దించుకున్నాడు. అప్పుడు ఆయన పక్కనున్న గుమాస్తాతో, "ఈ ఎస్సైని ఆ స్టేషన్‌కి తెచ్చింది నా లెటరేనండీ. అది కూడా రాసుకోండి" అన్నారు.

ఎస్సై మీద కేసు పెట్టాలని తేల్చారు. కొన్ని నెలలకే సొంత పార్టీవాళ్లే ఆయన్ని ఆ కుర్చీలోంచి దింపేశారు. కేసు మాత్రం ఇంకా కోర్టులో నడుస్తోంది.

పోయిన చలికాలం ఆయన కూతురింటికి వచ్చినప్పుడు, సెలవు రోజు చూసుకుని రొయ్యల పచ్చడి పట్టుకెళ్లాను. సముద్రం ఒడ్డున పంచెతో నడుస్తున్నారు. "మా వల్లే కదండీ మీ పదవి పోయింది" అన్నాను.

"పోతే పోయిందిలే. అక్కడ దార్లో ప్రతి పోలీసూ సెల్యూట్ కొట్టేవాడు. ఇక్కడ రోడ్డు దాటాలంటే మా మనవరాలు చెయ్యి పట్టుకుంటంది" అని నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, "భయం ఏస్తే ఎయ్యనీ అమ్మా. మాట మాత్రం మార్చకు" అన్నారు.

ఆయన పోయిన వారానికే దుబాయ్‌లో డేరా బజారు దగ్గర కొట్టు నడిపే మా ఊరాయన ఫోన్ చేశాడు. ఇక్కడి సంతాప సభ ఏర్పాట్లన్నీ ఆయనవే.

"చెల్లెమ్మా, పెద్దాయన ఎల్లిపోయారు. ఇంక ఖలాస్. ఆ ఎస్సై మనిషిని పంపాడు, రాజీ పడిపోండి. సభలో కూడా ఆ గొడవ ఎత్తకు. రోడ్లేయించారని చెప్పు, సాలు."

ఒళ్లు మండిపోయింది. "ఖలాస్ ఏటన్నా? ఆయన పోయారు గానీ నా చెవులు పోలేదు. కోర్టు పిలిస్తే మళ్లీ ఇదే చెప్తాను" అన్నాను. సభలో నాకు మైకు ఇవ్వలేదు. ఇవ్వకపోతే మానె. రోడ్లు ఏ ఎమ్మెల్యే అయినా వేయిస్తాడు. తన తప్పు తానే రాయించుకున్న ఎమ్మెల్యేని నేను ఒక్కరినే చూశాను. అందుకే ఇలా రాస్తున్నాను, చదవండి.

అయితే నేను ఇంత దూరంలో ఉండి ఎన్నైనా అంటాను. ఆ ఊళ్లో బతకాల్సింది మా తమ్ముడు. ఆయన అండ పోయాక వాడిమీద పడితే? వాడికి ఫోన్ చేశాను. "నీకు భయమైతే చెప్పరా, ఆపేద్దాం."

వాడు వీడియో పెట్టి ఫోన్ ఎదురుగా తిప్పాడు. పోలీస్ స్టేషన్ రోడ్డు. దెబ్బలు తిన్నప్పట్నించీ వాడు ఆ రోడ్డు మొహం చూడలేదు, మార్కెట్ వెనకనుంచి చుట్టూ తిరిగి పనికెళ్లేవాడు. "ఈ వారం నుంచి ఇటే ఎల్తన్నానే అక్కా" అన్నాడు.

వాడి కుంటికాలు పడ్డప్పుడల్లా ఫోన్‌లో బొమ్మ ఒక పక్కకి ఒరుగుతోంది. గేటు దగ్గర కానిస్టేబుల్ తలెత్తి చూశాడు. మా వాడు ఆగలేదు, అడుగు తొందరా చెయ్యలేదు.