కోదాడ నుంచి సూర్యాపేట దాకా

మిర్యాలగూడ కాలేజీలో నేను కబడ్డీ జట్టు కెప్టెన్‌ని. కూతకు వెళ్లేదీ, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేదీ నేనే. ఒక ఆటలో ముగ్గురు కలిసి నన్ను తలకిందులుగా పడేశారు. కాసేపు నా రెండు చేతులూ ఉన్నట్టే తెలియలేదు. తిమ్మిరి తగ్గాక లేచి మళ్లీ కూతకు వెళ్లాను. గెలిచాం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మెడిసిన్ మొదటి ఏడాదిలో మెడ ఎముకల పాఠం విన్నరోజు అది గుర్తొచ్చింది. వెన్నుపాము నా చిటికెన వేలంత కూడా లేదు. ఆ రోజు అన్నం సయించలేదు. తర్వాత మళ్లీ ఆడలేదు.

సూర్యాపేటలో డాక్టరుగా చేరాక, కోదాడలో కబడ్డీ పోటీలకు రమ్మన్నారు. మందుల పెట్టెతో ఓ పక్కన కూర్చుంటే చాలన్నారు. రెండో ఆటలో త్రిపురారం నుంచి వచ్చిన ఆటగాడు పట్టు విడిపించుకోబోయి తలకిందులుగా నేలమీద పడ్డాడు. లేవలేదు.

నేను పరుగెత్తేసరికి నిర్వాహకుడొకాయన అతని చంకల కింద చేతులు పెట్టాడు.

“ఏం కాలేదండీ. లేపి నాలుగడుగులు నడిపిస్తే సర్దుకుంటాడు.”

“ముట్టుకోవద్దు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మోకాళ్లమీద కూర్చుని అతని తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాను.

“సార్, నా కాళ్లు యాడున్నయ్? తెలుస్తలేదు.”

“ఉన్నయ్. తల కదిలియ్యకు.”

“నడుస్తనా సార్?”

నాకూ తెలియదు. అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యమని నిర్వాహకుడికి చెప్పాను.

అంబులెన్స్ వచ్చింది. ఐదుగురం కలిసి అతన్ని వెన్ను కదలకుండా ఉంచే పలకమీదికి జరిపాం. సూర్యాపేట దాకా తల వదల్లేదు. బండి కుదిపినప్పుడల్లా మెల్లగా పొమ్మని డ్రైవరును కేకేసేవాణ్ణి. వెన్నుపాము వాపు పైకి పాకితే ఊపిరి ఆగిపోతుంది. అందుకే అతన్ని మాట్లాడిస్తూనే ఉన్నాను. పొలం గురించి, కాలువ నీళ్ల గురించి చెప్పాడు. ఉన్నట్టుండి ఆపేశాడు.

“ఏమైంది?”

“మీ చేతులు వణుకుతున్నయ్ సార్.”

“నొస్తున్నయ్, అంతే” అని అబద్ధమాడాను.

స్కానింగులో మెడ ఎముక జారినట్టు తేలింది. వెన్నుపాము నలిగింది కానీ తెగలేదు. హైదరాబాద్ పంపాం, ఆపరేషన్ చేశారు.

కొన్ని నెలలకు వాళ్ల నాన్నతో కలిసి నడుచుకుంటూ నా గదికి వచ్చాడు. ఎడమచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు.

“బువ్వ కుడిచేత్తోనే తింటగద సార్, ఏం గాదు” అన్నాడు.

వరండాలో రెండుసార్లు నడిపించి చూశాను. వాళ్లు వెళ్లాక నా రెండు చేతుల వేళ్లూ ఒకసారి ముడిచి చూసుకుని, తర్వాతి పేషెంటును పిలిచాను.